మానేసిన మాత్రను కూడా రాయండి

(గుండె లయ జబ్బుకు మందులు వాడే పెద్దల కోసం, వారి కుటుంబాల కోసం ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకు వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నాకిచ్చిన అంశం గుండె లయ మాత్రలూ, లివరూ. మొదలుపెట్టే ముందే ఒక మాట. ఇది విని ఇంటికెళ్లి ఏ మాత్రా ఆపేయకండి. ఎందుకో తర్వాత చెప్తాను. సగంలో లేచి వెళ్లేవాళ్లు కొందరుంటారు కదా, వాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. (నవ్వులు)

లయ తప్పే జబ్బుల్లో పెద్ద వయసులో ఎక్కువగా చూసేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. మేం ఏఎఫ్ అంటాం. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. నాడి పట్టుకుని చూస్తే వరస ఉండదు, ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా కొట్టుకుంటుంది. కొందరికి దడ, ఆయాసం వస్తాయి. కొందరికి ఏమీ తెలియదు, వేరే పని మీద ఈసీజీ తీస్తే బయటపడుతుంది. దీనికిచ్చే మందులు మూడు రకాలు. గుండె వేగం తగ్గించేవి ఉన్నాయి: మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ లాంటివి. లయను నిలబెట్టేవి ఉన్నాయి: అమియోడరోన్, డ్రోనెడరోన్, ప్రొపఫెనోన్. గుండెలో గడ్డ కట్టి అది మెదడుకు పోకుండా చూసేవి ఉన్నాయి: వార్ఫరిన్, లేకపోతే ఈమధ్య వచ్చిన అపిక్సబాన్, రివరొక్సబాన్, డాబిగాట్రాన్.

ఒక్క జబ్బుకే రెండు మూడు మాత్రలయ్యాయి. డెబ్బై దాటిన మనిషికి ఆ ఒక్క జబ్బే ఉండదు కదా. బీపీకి ఒకటో రెండో, షుగర్‌కి రెండు, కొలెస్ట్రాల్‌కి ఒకటి, మోకాళ్లకి ఒకటి, ఇన్ని వేసుకుంటున్నందుకు గ్యాస్ రాకుండా ఒకటి. అయిదు, అంతకన్నా ఎక్కువ మందులు రోజూ వాడితే దాన్ని పాలీఫార్మసీ అంటారు. మా దగ్గరకు వచ్చే లయ జబ్బు పెద్దల్లో ఎక్కువమంది ఆ గీత ఎప్పుడో దాటేసినవాళ్లే. అది తప్పని నేననడం లేదు. ఒక్కో మాత్రకూ ఒక్కో కారణం ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, గుండె డాక్టరు గుండెను చూసి రాస్తారు, కీళ్ల డాక్టరు కీళ్లను చూసి రాస్తారు, ఆ మాత్రలన్నీ కలిసి చేరేది మాత్రం ఒక్క లివర్ దగ్గరకే.

పైగా ఆ లివర్ కూడా వయసు మీద పడినదే. వయసు పెరిగేకొద్దీ దాని పరిమాణం తగ్గుతుంది, దానిలోకి వచ్చే రక్తం బాగా తగ్గుతుంది. మందుల్ని మార్చి బయటకు పంపే పని నెమ్మదిస్తుంది. మామూలు రక్తపరీక్షలో ఇదేమీ కనిపించదు. రిపోర్టులో అంకెలన్నీ నార్మల్‌గానే ఉంటాయి. నలభై ఏళ్ల వ్యక్తికి సరిపోయే మోతాదు డెబ్బై అయిదేళ్ల వ్యక్తి ఒంట్లో ఇంకా ఎక్కువసేపు, ఇంకా ఎక్కువ మోతాదున్నట్టు పనిచేస్తుంది. అందుకే పెద్దవాళ్లకు తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం.

ఇక అసలు మందు దగ్గరకొస్తాను. అమియోడరోన్. ఈ రోజు ఎక్కువ సమయం దీని గురించే మాట్లాడతాను, ఎందుకంటే లయ మందుల్లో లివర్‌తో ఎక్కువ పేచీ పెట్టుకునేది ఇదే. దీన్ని 1961లో బెల్జియంలో తయారుచేశారు, అదీ లయ కోసం కాదు, గుండె నొప్పి కోసం. లయ మీద దీని ప్రభావం తర్వాత తెలిసింది. అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది. మిగతా మందులకు లొంగని లయ దీనికి లొంగుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు కూడా ఇవ్వచ్చు. అందుకే ఇన్నేళ్లయినా దీన్ని వదులుకోలేకపోతున్నాం. నేను కూడా రాస్తాను. రాసేటప్పుడు రెండుసార్లు ఆలోచిస్తాను.

ఈ మందు బరువులో 37 శాతం అయోడిన్. కొవ్వంటే దీనికి మహా ఇష్టం. వేసుకున్న మాత్ర రక్తంలో తిరిగి బయటకు పోదు, ఒంట్లోని కొవ్వులో, లివర్‌లో, ఊపిరితిత్తుల్లో, థైరాయిడ్‌లో, చర్మంలో చేరి కూర్చుంటుంది. చాలా మందులు ఒంట్లో సగానికి తగ్గడానికి గంటలు పడుతుంది. దీర్ఘకాలం వాడిన అమియోడరోన్ సగానికి తగ్గడానికి సగటున 58 రోజులు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. లెక్క వేసి చూడండి: మానేసిన ఏడున్నర నెలలకు కూడా ఒంట్లో పదహారో వంతు మిగిలే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేశానని తాళం ఇచ్చేసి, నెలల తరబడి సామాను తీసుకుపోకుండా అట్టేపెట్టే అద్దెదారు లాంటిది ఈ మందు.

లివర్ కణాల్లో ఇది ఏం చేస్తుంది? కణంలో కొవ్వును కరిగించే భాగాలకు అడ్డం పడుతుంది. కొవ్వు పేరుకుంటుంది, వాపు వస్తుంది, ఏళ్లు గడిస్తే కొందరిలో మచ్చ కడుతుంది. సూదితో లివర్ ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే మద్యం వల్ల పాడైన లివర్‌లాగే కనిపిస్తుంది. జీవితంలో చుక్క ముట్టని మనిషి రిపోర్టులో అలాంటి మాట వస్తే ఇంట్లో ఎంత గొడవ అవుతుందో ఆలోచించండి. (నవ్వులు) అందుకే రిపోర్టుతో పాటు మందుల పట్టిక కూడా చూడాలి. ఇంకో విచిత్రం, అయోడిన్ పేరుకోవడం వల్ల సీటీ స్కాన్‌లో లివర్ మామూలుకన్నా తెల్లగా మెరుస్తుంది.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. అమియోడరోన్ వాడేవాళ్లలో లివర్ ఎంజైములు, అంటే లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థాలు, కాస్త పెరగడం తరచుగా చూస్తాం. చాలామందికి ఏ బాధా ఉండదు, మోతాదు తగ్గిస్తే అవే దిగొస్తాయి. తీవ్రమైన లివర్ జబ్బు దాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమంది ఎవరో ముందే చెప్పలేం కాబట్టి అందరికీ పరీక్ష చేస్తాం: మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి లివర్, థైరాయిడ్ రెండూ. ఎంజైము నార్మల్ పై హద్దుకు మూడు రెట్లు దాటినా, మొదటే ఎక్కువ ఉన్నవాళ్లకు రెట్టింపైనా, మోతాదు తగ్గించాలా, ఆపాలా అని డాక్టరు నిర్ణయించాలి. మొదటి పరీక్ష చేయించుకోనివాళ్లు చాలామంది ఉంటారు. తర్వాత అంకె పెరిగితే అది మందు వల్ల పెరిగిందా, ముందునుంచే ఫ్యాటీ లివర్ ఉందా అని తేల్చుకోలేక తల పట్టుకుంటాం.

అమియోడరోన్ తాను చేసేదొక్కటే కాదు, లివర్‌లో ఇతర మందుల దారులు కూడా మూసేస్తుంది. వార్ఫరిన్ వాడే మనిషికి దీన్ని కలిపితే వార్ఫరిన్ విరగక పేరుకుంటుంది, రక్తం మరీ పలచబడుతుంది. అందుకే వార్ఫరిన్‌ను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తాం. డిగాక్సిన్‌నూ దాదాపు సగం చేస్తాం. కొలెస్ట్రాల్ మాత్ర సింవాస్టాటిన్ అయితే అమియోడరోన్‌తో పాటు రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరించింది. డిల్టియాజెమ్, డ్రోనెడరోన్‌లతో అయితే ఆ హద్దు 10 మిల్లీగ్రాములే.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే సంగతి. ఒక పెద్దాయన అనుకోండి. దగ్గు, ఆయాసం వచ్చిందని అమియోడరోన్ ఆపేశారు. రెండు నెలల తర్వాత కొలెస్ట్రాల్ ఎక్కువుందని ఇంకో డాక్టరు సింవాస్టాటిన్ 40 రాశారు. ఆ డాక్టరు అడిగారు, "ప్రస్తుతం ఏ మందులు వాడుతున్నారు?" అని. పెద్దాయన నిజమే చెప్పారు, అమియోడరోన్ పేరు ఎత్తలేదు, వాడటం లేదు కాబట్టి. మూడు వారాలకు తొడలు నొప్పి, నీరసం, రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎక్కువ. ఎవరి తప్పు? ఎవరిదీ కాదు. మానేసిన మందు గురించి ఎవరూ అడగలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. మీరు దాచుకునే పట్టికలో వాడేవి మాత్రమే రాస్తే చాలదు. గత ఏడాదిలో మానేసినవి కూడా రాయండి. ప్రతి పేరు పక్కన మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, మోతాదు మార్చిన తేదీ వేయండి. లివర్ దెబ్బ ఏ మందు వల్లో తేల్చడానికి మాకు ఇంతకు మించిన ఆధారం ఉండదు. ఏ స్కానింగూ మందు పేరు చెప్పదు. చెప్పగలిగేది తేదీలే.

ఆ పెద్దాయన విషయంలో ఇంకో మలుపుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు పెరిగితే అందరం లివర్ అనుకుంటాం. కానీ అవి కండరాల్లోనూ ఉంటాయి. కండరం చితికినా అవి పెరుగుతాయి, ముఖ్యంగా ఎస్‌జీఓటీ. ఒళ్లు నొప్పులు కూడా ఉంటే కండరాల దెబ్బను చూపే సీపీకే అనే పరీక్ష చేయించాలి, అప్పుడు అసలు చోటు తెలుస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా తక్కువైనా ఈ అంకెలు మారతాయి, అమియోడరోన్ థైరాయిడ్‌ను ఎలాగూ వదలదు.

అసలు గుండే లివర్‌ను పాడు చేయొచ్చు. ఇది చాలామందికి తెలియదు. గుండె బలహీనపడితే రక్తం వెనక్కి తన్ని లివర్‌లో నిలిచిపోతుంది. లివర్ ఉబ్బుతుంది, కుడి పక్కటెముకల కింద బరువుగా ఉంటుంది, కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ కాస్త పెరుగుతుంది. లయ ఒక్కసారిగా బాగా చెడి బీపీ పడిపోతే లివర్‌కు రక్తం అందక ఎంజైములు వేలల్లోకి వెళ్లిపోతాయి. గుండె కుదుటపడితే కొద్ది రోజుల్లో అంతే వేగంగా దిగుతాయి. అలాంటి సమయంలో లివర్ రిపోర్టు చూసి జడిసి గుండె మందు ఆపేస్తే జబ్బును ఇంకా పెంచినవాళ్లం అవుతాం. అంకె ఎక్కువుంటే మందే దోషి అని తీర్పు చెప్పేయకూడదు.

డ్రోనెడరోన్ గురించి క్లుప్తంగా. అమియోడరోన్‌లోంచి అయోడిన్ తీసేస్తే ఇబ్బందులు తగ్గుతాయన్న ఆశతో తెచ్చిన మందు ఇది. అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. 2011 జనవరిలోనే అక్కడి నియంత్రణ సంస్థ లివర్ గురించి హెచ్చరిక ఇచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ డెబ్బై ఏళ్ల దగ్గర, మందు మొదలుపెట్టిన నాలుగున్నర నెలలకు ఒకరికి, ఆరు నెలలకు ఒకరికి లివర్ పూర్తిగా దెబ్బతిని మార్పిడి చేయాల్సి వచ్చింది. అరుదైన సంగతే, కానీ మొదటి ఆరు నెలలూ కళ్లు తెరుచుకుని ఉండాలని దానివల్ల తెలిసింది. అమియోడరోన్ వల్ల ఇంతకు ముందు లివర్ గానీ ఊపిరితిత్తులు గానీ దెబ్బతిన్నవాళ్లకు దీన్ని ఇవ్వరు.

రక్తం పలచబరిచే మందుల్లోనూ ఇలాంటి కథ ఒకటుంది. వార్ఫరిన్‌కు బదులుగా నోటితో వేసుకునే కొత్త తరం మందుల్లో ముందుగా వచ్చింది జైమెలగాట్రాన్. ఎక్కువకాలం వాడినవాళ్లలో దాదాపు 8 శాతం మందికి లివర్ ఎంజైము మూడు రెట్లు దాటింది. 2006లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆఖరి కారణం: కొద్ది వారాలు మాత్రమే వాడిన మనిషికి, మందు ఆపేశాక లివర్ దెబ్బ బయటపడింది. ఇప్పుడు మనం వాడుతున్న అపిక్సబాన్ లాంటివి అలా కాదు, వాటివల్ల లివర్ దెబ్బతినడం చాలా అరుదు. అయితే లివర్ ముందే బాగా చెడినవాళ్లలో రక్తస్రావం భయం ఎక్కువ, ఎందుకంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థాల్లో చాలావాటిని తయారుచేసేదే లివర్.

ఇక గుండె డాక్టరు రాయని మందులు. పారాసెటమాల్‌తో మొదలుపెడతాను, దాని మీద నాకు కోపం లేదు. పెద్దవాళ్ల నొప్పికి, రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లకు, మిగతా నొప్పి మాత్రలకన్నా అదే మేలు. కానీ సన్నగా ఉన్నవాళ్లు, అన్నం సరిగా తిననివాళ్లు రోజుకు 4 గ్రాముల దాకా వెళ్లకూడదు, 2 నుంచి 3 గ్రాముల దగ్గరే ఆపమంటాం. జలుబు మాత్రలో పారాసెటమాల్ ఉంటుంది, నొప్పి మాత్రలో ఉంటుంది, జ్వరం మాత్ర అంటే అదే. మూడూ వేసుకుని మూడు వేరు మందులు వేసుకున్నాననుకుంటారు. వార్ఫరిన్ వాడేవాళ్లు దీన్ని రోజూ కొన్ని రోజులు వేసుకుంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె పెరుగుతుంది కూడా.

యాంటీబయాటిక్స్‌లో అమాక్సిసిలిన్ క్లావులనేట్ కలిసిన మాత్ర గుర్తుపెట్టుకోండి. మంచి మందే, కానీ వయసు మళ్లిన మగవాళ్లలో కామెర్లు తెప్పించే పేరు దానికుంది. కోర్సు పూర్తయి కొన్ని వారాలయ్యాక కూడా రావచ్చు. అప్పటికి ఆ మాత్ర వాడిన సంగతే మర్చిపోయి ఉంటారు. మళ్లీ చెప్తున్నా, తేదీలు. క్షయ మందుల్లో ఐసోనియాజిడ్, పైరజినమైడ్ లివర్‌కు కష్టం, వయసుతో ఆ కష్టం పెరుగుతుంది. రిఫాంపిసిన్ ఇంకో రకం, అది లివర్‌ను ఉరకలు పెట్టించి రక్తం పలచబరిచే మందుల్ని తొందరగా ఖాళీ చేయిస్తుంది, పక్షవాతం నుంచి కాపాడాల్సిన మాత్ర ఒంట్లో చాలదు. క్షయ చికిత్స మొదలుపెడుతుంటే గుండె డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.

"అది మందు కాదు, సహజం" అని చెప్పే సీసాలు, క్యాప్సూల్స్ కూడా పట్టికలో రాయండి. గ్రీన్ టీ సారంతో, పసుపు సారంతో చేసిన క్యాప్సూల్స్ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. వంటలో వేసే చిటికెడు గురించి కాదు, గాఢంగా చేసి అమ్మే సారం గురించి చెప్తున్నా. డాక్టరు ముందు వీటి పేరెత్తడానికి సిగ్గుపడతారు, తిడతారేమోనని. తిట్టినా ఫర్వాలేదు, చెప్పండి.

మద్యం గురించి ఒక్క ముక్క: ఏఎఫ్‌ను రేపేదీ అదే, లివర్‌ను పాడుచేసేదీ అదే. దీనిమీద ఇంకేం మాట్లాడాలి?

ఏం గమనించాలి? ఆకలి చచ్చిపోవడం, వికారం, చెప్పలేని నీరసం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగులో రావడం, మలం తెల్లబారడం, కళ్లు పచ్చబడటం. పెద్దవాళ్లలో మొదటి మూడింటినీ "వయసు కదా" అని వదిలేస్తారు. కొత్త మాత్ర మొదలైన కొన్ని వారాలకే ఆకలి పోయిందంటే అది వయసు కాదు, వయసు అలా ఒక్క నెలలో రాదు. ఎంజైము మూడు రెట్లు దాటి, దానితో పాటు బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే తీవ్రంగా తీసుకుంటాం. మందుల వల్ల అలా అయినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం ఉందని హైమన్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ లివర్ నిపుణుడు గమనించారు. కళ్లు పచ్చబడితే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

మాత్రలు మీరుగా ఆపొద్దని మొదట్లో అన్నాను. రక్తం పలచబరిచే మందు హఠాత్తుగా ఆపితే పక్షవాతం రావచ్చు. మెటోప్రొలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే గుండె ఎగిరిపడుతుంది, గుండె నొప్పి తిరగబడొచ్చు. అమియోడరోన్ ఆపినా వెంటనే పోదని విన్నారు కదా. అనుమానం వస్తే ఫోన్ చేయండి, పరీక్ష చేయించండి, ఏది ఆపాలో, దాని బదులు ఏమివ్వాలో మేం చెప్తాం. మీరు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది: "ఈ మాత్ర ఇంకా అవసరమా?" మోహమాటం వద్దు. అమియోడరోన్‌తో లయ నిలబడని మనిషి, ఏఎఫ్ శాశ్వతంగా ఉండిపోయిన మనిషి, ఇంకా అమియోడరోన్ వేసుకుంటూ కనిపిస్తుంటారు. మొదట రాసిన డాక్టరు మారిపోయుంటారు, తర్వాతివాళ్లు పాత చీటీ చూసి అదే రాస్తూ పోతుంటారు. పెద్దవాళ్లకు ప్రమాదకరమైన మందుల పట్టికను మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లో మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్ని అమెరికాలోని వృద్ధాప్య వైద్యుల సంఘం సవరిస్తూ వస్తోంది. గుండె వైఫల్యం గానీ, గుండె గోడ బాగా మందం కావడం గానీ లేనివాళ్లకు ఏఎఫ్‌లో మొదటి మందుగా అమియోడరోన్ వద్దని అందులో ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: అమియోడరోన్ వాడుతున్నప్పుడు లివర్ టానిక్ వేసుకుంటే రక్షణ ఉంటుందా?)

లేదమ్మా. ఆ మందు దెబ్బను టానిక్ ఆపుతుందన్న రుజువేమీ లేదు. పైగా లివర్‌కు ఇంకో పని పెట్టినట్టే. రక్షణ కావాలంటే బరువు, షుగర్ అదుపులో పెట్టండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు అది తగ్గించుకోవడమే టానిక్.

(ప్రశ్న: ఆర్నెల్ల పరీక్ష నార్మల్ వస్తే, మళ్లీ పరీక్ష దాకా నిశ్చింతగా ఉండొచ్చా?)

పూర్తిగా కాదండి. ఆ రిపోర్టు ఆ రోజు సంగతి చెప్తుంది, అంతే. మధ్యలో కొత్త మందు కలిసినా, మోతాదు పెరిగినా, ఇందాక చెప్పిన లక్షణాలు కనిపించినా మధ్యలోనే చేయించాలి. దానికి ఆరు నెలలు ఆగాలన్న నియమం లేదు.

(ప్రశ్న: పరీక్షకు పరగడుపున రావాలా? పొద్దుటి మాత్రలు ఆపుకోవాలా?)

లివర్ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. దానితో పాటు షుగర్ లాంటివి చూస్తుంటే ల్యాబ్ వాళ్లు చెప్తారు. ముందురోజు మరీ ఒళ్లు అలిసే వ్యాయామం చేయకండి, అంకెలు పెరుగుతాయి. మాత్రలు మామూలుగా వేసుకోండి, మీ అంతట మీరు ఆపొద్దు. డిగాక్సిన్ స్థాయి చూడమని రాసి ఉంటే మాత్రం, మాత్ర వేసుకున్నాక కనీసం ఆరు గంటలు గడిచాకే రక్తం ఇవ్వాలి. ఏ టైముకు వేసుకున్నారో చీటీ మీద రాసి ల్యాబ్‌లో ఇవ్వండి.